నాడి అందలేదట!

ఆ బేకరీలో ఆమెను అందరూ రాతక్కయ్య అనేవారు. మనుషుల తలరాతలు రాసేది పైవాడైతే, కేకుల మీద రాత రాసేది ఆవిడ. పైవాడి రాతలో తప్పులు దొర్లుతాయేమో గానీ మా అక్కయ్య రాతలో దొర్లవని ఓనరు కౌంటరు దగ్గర నిలబడి వచ్చినవాళ్ళకూ పోయినవాళ్ళకూ చెప్పుకునేవాడు.

కేకు మీద రాయడమంటే మాటలు కాదు. క్రీము నింపిన సంచిని కుడి గుప్పిట్లో పట్టుకుని, ఎడమ చేత్తో దాని కొసను నిలబెట్టి, ఊపిరి బిగబట్టి పిండుతూ పోవాలి. ఎక్కువ పిండితే అక్షరం ఉబ్బుతుంది, తక్కువైతే తెగుతుంది. ఇంగ్లీషు అక్షరాలైతే నాలుగు గీతలు గీసి చేతులు దులుపుకోవచ్చు. మనవి అలా కాదే! గుండ్రాలు, వాటి మీద తలకట్లు, పక్కన కొమ్ములు, కింద వత్తులు. "శుభాకాంక్షలు"లో క్ష దగ్గరికి వచ్చేసరికి కొత్తవాళ్ళకు ముచ్చెమటలు పోస్తాయి. ఆవిడ మాత్రం క్ష రాయడానికే పుట్టినట్టు రాసేది. వెనక గదిలో ఓవెను సెగ, ఫ్రిజ్జు రొద, మైదా పొడి పట్టిన ట్యూబులైటు. వాటి మధ్య స్టీలు బల్ల ముందు నిలబడి ఇన్నేళ్ళలో ఎంతమందికి నూరేళ్ళ ఆయుష్షు పోసిందో ఆవిడకే తెలియదు.

అలాంటి మనిషి ఒకరోజు "పెళ్ళిరోజు శుభాకాంక్షలు" రాయబోయి "పిల్లిరోజు శుభాకాంక్షలు" రాసింది.

ఎత్వం గుడి అయిపోయింది, ళ కాస్తా సగంలో ఆగి ల అయిపోయింది. ఎవరూ చూసుకోలేదు, కేకు పెట్టెలోకి ఎక్కి వెళ్ళిపోయింది. మర్నాడు ఆ కేకు పట్టుకెళ్ళిన భర్త వస్తుంటే గొడవకు వస్తున్నాడనుకున్నారు. ఆయన నవ్వు ఆపుకోలేక కౌంటరు పట్టుకుని నిలబడ్డాడు. ఆ పిల్లి ఎవరని భార్య అడిగిందట, ఈయన నవ్వాడట, అప్పట్నుంచి ఆవిడ మాట్లాడటం లేదట. "సరిగ్గా రాసిన కేకు ఇంకోటి ఇవ్వండి బాబూ, నేను ఇంటికెళ్ళాలి," అని బతిమాలుకున్నాడు.

సరే, అలసట అనుకున్నారు. కొన్నాళ్ళకే ఒక హెడ్మాస్టరుగారి సన్మానం వచ్చిపడింది. ఆయన నోరు తెరిచారంటే బడి గంట కొట్టినా ఆగరు. "పదవీ విరమణ" అని రాయాలి. మొదటి అక్షరం మీద చెయ్యి అదిరి ఎత్వం పడింది, దీర్ఘం పడాల్సిన చోట వేళ్ళు మొద్దుబారి ఆగిపోయాయి. సభలో మూత తీస్తే "పెదవి విరమణ శుభాకాంక్షలు" అని ఉంది. స్టాఫంతా లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టారట. హెడ్మాస్టరుగారు కేకు వంక కాసేపు చూసి, రాసుకొచ్చిన ఉపన్యాసం మడిచి జేబులో పెట్టుకుని కూర్చున్నారట. మర్నాడు ఆయన భార్య బేకరీకి వచ్చి, ఇలాంటివి నెలకొకటి చేసిస్తారా అని అడిగింది.

ఓనరుకు మాత్రం నవ్వు రాలేదు.

"ఏమైంది అక్కయ్యా? కళ్ళజోడు మార్చాలా?"

"కళ్ళు బాగానే ఉన్నాయి. చెయ్యే నా మాట వినడం లేదు."

వినడం లేదంటే నిజంగానే వినడం లేదు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఈ మూడింట్లోనూ చీమలు పాకినట్టు తిమ్మిరి. ఉంగరపువేలు సగం ఇటు, సగం అటు. చిటికెనవేలికి మాత్రం ఏ బాధా లేదు, అది నిక్షేపంగా ఉంది. నిద్రలో చెయ్యి మొద్దుబారి మెలకువ వచ్చేది. లేచి, తడి చెయ్యి దులిపినట్టు గట్టిగా విదిలిస్తే కాసేపు సర్దుకునేది. పగలు కూడా అదే అలవాటైంది. కౌంటరు దగ్గర ఎవరో వచ్చి బన్నులున్నాయా అని అడిగితే సరిగ్గా అప్పుడే విదిలించింది. "ఉన్నాయా అంటే కసురుకుంటుందేం ఈవిడ!" అని ఆయన చిన్నబుచ్చుకుని ఎదురు బేకరీకి వెళ్ళిపోయాడు.

ఓనరు క్రీము సంచి ఆమె చేతిలోంచి తీసుకుని అట్టపెట్టెలు మడత పెట్టమన్నాడు. ఆ పెట్టెల పనిలో ఉండగా క్రీము రోల్సు ట్రే ఒకటి చేతిలోంచి జారి బోర్లా పడింది. మర్నాడు వచ్చేసరికి ఆమె బల్ల మీది గాజు సీసాలన్నీ పోయి, వాటి చోట ప్లాస్టిక్ డబ్బాలున్నాయి. ఓనరు మంచివాడే, ఒక్క మాట కూడా అనలేదు. డబ్బాలు మార్చాడు, అంతే. అచ్చం అలాంటి డబ్బాలు రాతక్కయ్య ఇంట్లో బోలెడున్నాయి. అవన్నీ అమ్మ కోసం కొన్నవి.

అమ్మ సంగతి చెప్పాలి. చుట్టాల్లో ఆవిడను పేరుతో పిలిచేవాళ్ళు లేరు. భళ్ళమ్మ అంటారు. ఎప్పుడో పెళ్ళయిన కొత్తలో, ఆడపడుచు ముచ్చటపడి కొనుక్కొచ్చిన గాజు కూజా ఆవిడ చేతిలోంచి జారి భళ్ళుమంది. ఆ ఆడపడుచు, అంటే రాతక్కయ్యకు మేనత్త, ఆ క్షణంలోనే ఈ పేరు పెట్టేసింది. ఆ తర్వాత పింగాణీ పళ్ళాలు, గాజు గ్లాసులు, ఊరగాయ జాడీ, దీపం చిమ్నీ, ఏది పట్టుకున్నా అదే గతి. ఇంట్లో వేరేవాళ్ళ చేతిలోంచి ఏదైనా జారితే "పోనీలే" అనేవారు. ఆవిడ చేతిలోంచి జారితే "భళ్ళమ్మా!" అనేవారు. ఆవిడకు స్టీలు గ్లాసు, స్టీలు కంచం, ప్లాస్టిక్ మగ్గు. పిల్లలు పుడితే వాళ్ళను ఎత్తుకుని నిలబడనిచ్చేవాళ్ళు కాదు. చాప మీద కూర్చోబెట్టి, ఒళ్ళో పెట్టి, కింద ఇంకెవరో చేతులు పట్టేవాళ్ళు. కన్నతల్లికి ఇదేం కాపలా! ఆవిడ పెదవి విప్పేది కాదు. రోజూ తెల్లవారగానే గుమ్మంలో నిలబడి రెండు చేతులూ విదిలిస్తూ ఉండేది. అదొక అలవాటనుకున్నారు అందరూ.

రాతక్కయ్య కూడా అలాగే అనుకుంది. ఇప్పుడు తనూ అలాగే విదిలిస్తోంది. ఆవిడ భయం ఒక్కటే. జీతం పోతుందని కాదు, నొప్పి అని కాదు. ఇక తన చేతికి ఎవరూ ఏమీ ఇవ్వరు. ఒక మనిషి చేతికి ఏమీ ఇవ్వకపోతే ఆ మనిషి ఏమైపోతుందో ఆవిడ పుట్టినప్పట్నుంచీ చూస్తూనే ఉంది.

ఈలోగా కారణాలు చెప్పేవాళ్ళు తయారయ్యారు. ఓనరు సెల్‌ఫోనే అన్నాడు. ఎదురింటావిడ చన్నీళ్ళ స్నానం అంది. రాతక్కయ్య భర్త ప్లంబరు. ఆయన దృష్టిలో లోకంలోని కష్టాలన్నీ రెండే రకాలు, లీకు లేకపోతే జాము. భార్య చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది జామే," అని తేల్చేశాడు. చెప్పొద్దూ, అందరిలోకీ ఆయనే నిజానికి దగ్గరగా వచ్చాడు.

చివరికి నరాల డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరారు. అమ్మ కూడా వస్తానని పట్టుబట్టి, స్టీలు ఫ్లాస్కు నిండా కాఫీ పోసుకుని వెంట వచ్చింది.

డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది గానీ మాటలో తొట్రుపాటు లేదు. మణికట్టు మీద వేలితో టకటకా కొట్టింది. రాతక్కయ్యకు వేళ్ళ చివరిదాకా కరెంటు పాకింది. తర్వాత రెండు చేతులూ తిరగేసి, వెనక వైపులు ఒకదానికొకటి ఆనించి, వేళ్ళు కిందికి ఉండేలా పట్టుకోమంది. తలకిందులు నమస్కారం అన్నమాట. కాసేపు అలా ఉంచేసరికి మూడు వేళ్ళూ జుమ్మని లేచాయి. ఆ పైన వైర్లు తగిలించి యంత్రంతో పరీక్ష చేశారు.

"మణికట్టులో ఒక సొరంగం ఉంటుందండీ," అంది డాక్టరమ్మ. "అడుగున, పక్కల చిన్న చిన్న ఎముకలు. పైన కప్పులాగా గట్టి పట్టీ. అందులోంచి వేళ్ళను ముడిచే తాళ్ళలాంటివి తొమ్మిది వెళ్తాయి. వాటితోపాటే ఒక నాడి వెళ్తుంది."

ప్లంబరు ముందుకు జరిగాడు. "అంటే గోడకి ఒకటే కన్నం. అందులో తొమ్మిది పైపులు, ఒక కరెంటు వైరు."

"అంతే. అన్నిట్లోకీ మెత్తనిది ఆ వైరే. పైపుల తొడుగులు వాచినా, లోపల నీరు చేరినా, ముందు నలిగేది అదే. నాడికి రక్తం సరిగ్గా అందదు, మీద ఉన్న పొర దెబ్బతింటుంది, కబురు ఆలస్యంగా వెళ్తుంది. చిటికెనవేలి నాడి వేరే దారిన పోతుంది, అందుకే దానికేం కాలేదు."

"ఏ వెధవ వేశాడండీ ఒకే కన్నంలోంచి అన్నీ?" అన్నాడు ప్లంబరు. వృత్తిపరంగా ఆయనకు నిజంగానే కోపం వచ్చింది.

"నేను పిండీ పిండీ ఇలా అయిందా?" అని అడిగింది రాతక్కయ్య.

"గట్టిగా పిండే పని కొంత ఎగదోస్తుంది, కాదనను. కానీ అదే పని చేసేవాళ్ళందరికీ ఇది రాదు కదా. కొందరికి పుట్టుకతోనే సొరంగం ఇరుకు. అది తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. దాని మీద ఇంకేదో తోడవుతుంది. షుగరు, కీళ్ళవాపు, నెలసరి ఆగిపోయే వయసు, గర్భం, ఎప్పుడో ఎముక విరిగి ఉండటం. మీ ముఖం ఉబ్బింది, గొంతు బరువెక్కింది, ఈ ఎండలో స్వెట్టరు వేసుకొచ్చారు. థైరాయిడ్ తగ్గిందని నా అనుమానం. అది తగ్గితే ఒంట్లో నీరు పట్టి తొడుగులు ఉబ్బుతాయి. రక్తం చూద్దాం. సరే, మీ ఇంట్లో ఇంకెవరికైనా..."

ఢంగుమంది.

ఫ్లాస్కు నేల మీద దొర్లుతోంది. కాఫీ డాక్టరమ్మ చెప్పుల దాకా వచ్చింది. అమ్మ అప్పటికే కొంగుతో తుడుస్తూ, "నేనేనమ్మా, నేనే. తుడిచేస్తున్నాను, ఏమనుకోకండి," అంటోంది.

డాక్టరమ్మ ఏమీ అనుకోలేదు. ఆవిడను లేపి కూర్చోబెట్టి అరచెయ్యి వెలుతురులోకి తిప్పింది. "చూడండి. బొటనవేలి కింద ఇక్కడ ఉబ్బెత్తుగా కండ ఉండాలి. మీకు గుంట పడింది. నాడి ఏళ్ళ తరబడి నలిగి కండ ఎండిపోయింది. వస్తువు పట్టుకున్నామా, జారుతోందా అని చెప్పాల్సింది ఆ నాడే. అది చెప్పకపోతే చేతికి తెలియదు. మీది అజాగ్రత్త కాదమ్మా."

అమ్మ ఆ గుంట వంక చాలాసేపు చూసింది.

"కూజా అప్పుడు కూడానా?" అంది.

"ఏ కూజా?"

"మా వదిన కూజా. అప్పుడు నాకు ఏడో నెల. పెద్దాడు కడుపులో ఉన్నాడు."

డాక్టరమ్మకు కూజా తెలియదు, వదిన తెలియదు. ఏడో నెల మాత్రం తెలుసు. "అయ్యుండొచ్చు. గర్భంతో ఉన్నప్పుడు నీరు చేరుతుంది. మామూలువాళ్ళకు కాన్పయ్యాక తగ్గిపోతుంది. మీకు అసలే ఇరుకు దారి, అక్కడే మొదలై ఉంటుంది."

డాక్టరమ్మ చెప్పాల్సింది చెప్పింది. కూతురికి రాత్రిపూట కట్టుకోవడానికి మణికట్టు పట్టీ, రక్తపరీక్ష, అవసరమైతే ఆ పైకప్పు పట్టీని కోసి దారి వదులు చేసే చిన్న ఆపరేషను. అమ్మకు ఎండిపోయిన కండ మొత్తం తిరిగి రాకపోవచ్చు, ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు. ఇందులో ప్రాణం మీదికి వచ్చేది ఏముంది చెప్పండి? ఏమీ లేదు. వచ్చిందల్లా ప్లంబరు ఫోను వల్లే.

ఆయన వరండాలోకి వెళ్ళి బావమరిదికి, అంటే రాతక్కయ్య అన్నయ్యకు, ఫోను చేశాడు. పక్కన ఎవరో చక్రాల బల్లను గడగడలాడిస్తూ లాక్కుపోతున్నారు. ఆయన చెప్పింది అక్షరం అక్షరం నిజం.

"బావా, పరీక్ష అయింది. నాడి బాగా నీరసించిందట. మణికట్టు దగ్గర సరిగ్గా అందట్లేదట. ఎక్కువ రోజులు ఆగకూడదంటున్నారు."

నాడి అనే మాట మనకు ఒక్కటే ఉండటం వల్ల వచ్చిన చావు ఇది. నరమూ నాడే, మణికట్టు దగ్గర చెయ్యి పట్టి చూసేదీ నాడే. అన్నయ్యకు "ఆగకూడదు" కాస్తా "ఆగదు" అని వినిపించింది. "అమ్మకు చెప్పావా?" అన్నాడు.

"అత్తయ్యది ఇంకా అన్యాయం బావా. ఎప్పుడో పోయిందట. ఇన్నాళ్ళూ మనమే చూసుకోలేదు."

కండ పోయిందని ఆయన భావం. గడగడల్లో ఆ ముక్క కలిసిపోయి ఫోను తెగింది. పొద్దున ఫోనులో మాట్లాడిన తల్లి ఎప్పుడో ఎలా పోతుందని అన్నయ్య ఒక్క క్షణం ఆలోచించి ఉంటే ఈ కథ ఇక్కడితో ఆగేది. దుఃఖంలో ఉన్న మనిషి అంత తీరిగ్గా ఆలోచిస్తాడా! తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేసేశాడు.

వీళ్ళు ముగ్గురూ మందులు కొనుక్కుని, బస్సు దిగి, మూడో అంతస్తు ఎక్కి వచ్చేసరికి గుమ్మం ముందు చెప్పులు చిందరవందరగా పడి ఉన్నాయి. ఎదురింటావిడ దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసుకుని అందరూ లోపలికి వచ్చేశారు. అన్నయ్య గోడకు ఆనుకుని కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆయన కూతురు, నిండు గర్భిణి, సోఫాలో కాళ్ళు బారజాపి కూర్చుంది. మేనత్త కుర్చీలో నిటారుగా ఉంది. బేకరీ ఓనరు షట్టరు దించేసి, చేతిలో కేకుతో నిలబడి ఉన్నాడు.

ముందు అమ్మ లోపలికి వచ్చింది. మనవరాలు కెవ్వుమంది.

"ఏంటే? బల్లిని చూశావా?" అంది అమ్మ.

"నాన్నమ్మా, నువ్వు ఎప్పుడో పోయావన్నారు!"

"ఎక్కడికి పోతాను, హాస్పిటలుకి పోయాను."

అన్నయ్య తల్లిని వదిలి చెల్లెలి మీద పడ్డాడు. ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుని, "కొట్టుకుంటోంది! నాడి కొట్టుకుంటోంది!" అని అరిచాడు.

మేనత్త తల అడ్డంగా ఊపింది. "ఆఖర్న అలాగే గట్టిగా కొట్టుకుంటుందిరా."

"అత్తయ్యా, నేను మూడంతస్తులు ఎక్కొచ్చాను," అంది రాతక్కయ్య.

"అదే చెప్తున్నా. ఆఖరి ఓపిక."

ఓనరు ఏడుపు ముఖంతో కేకు ముందుకు చాపాడు. ఎవరితో రాయించాలో తెలియక తనే రాసుకొచ్చాడట. "దీర్ఘాయుష్మతీ భవ" అని మొదలుపెట్టాడు. ఎడమ అంచున పెద్ద పెద్ద అక్షరాలతో మొదలుపెట్టడంతో "దీర్ఘ" దగ్గరే కేకు అయిపోయింది. చావు కబురు సంగతి అటుంచి, రాతక్కయ్యకు ఒళ్ళు మండింది.

"అంచు నుంచి మొదలుపెడతారా ఎవరైనా? మధ్య అక్షరం ఎక్కడ పడుతుందో ముందు చూసుకోవద్దూ? ఆ ఘ ఏంటి, అలా కూలబడింది?"

"నువ్వు లేకపోతే ఇంతే అక్కయ్యా," అన్నాడు ఓనరు. "నీ చెయ్యి బాగయ్యేదాకా కేకుల మీద బొమ్మలు పెట్టి అమ్ముకుంటాను. రాత మాత్రం నీదే."

ఆ మాట విన్నాక ఆవిడకు ఊపిరి కాస్త ఆడింది.

ప్లంబరు గది మధ్యలో నిలబడి, నాడి అంటే ఆ నాడి కాదని, ఈ నాడి వేరని చెప్పడం మొదలుపెట్టాడు. "మనిషికి ఎన్ని నాడులుంటాయయ్యా?" అని మేనత్త అడ్డుపడింది. ఆయన గోడ, కన్నం, తొమ్మిది పైపులు, ఒక వైరు అని చేతులు తిప్పుతూ చెప్తుంటే, అసలు ఏ ఇంట్లో పైపు పగిలిందో ఎదురింటావిడకు అర్థం కాలేదు. చివరికి రాతక్కయ్యే తలకిందులు నమస్కారం పెట్టి చూపించింది. ఇంకేముంది, ఏడవడానికి వచ్చినవాళ్ళంతా మోచేతులు పైకెత్తి, అరచేతులు తిరగేసి, కళ్ళు మూసుకుని కూర్చున్నారు. ఆ సమయంలో ఎవరైనా కొత్తవాళ్ళు తలుపు తోసుకుని వచ్చి ఉంటే, ఇదేదో కొత్త మతం అనుకుని దండం పెట్టి పోయేవాళ్ళు.

"నాకేం రాలేదే," అన్నాడు ఓనరు నిరాశగా.

"అత్తా, నాకు జుమ్మంటోంది!" అంది గర్భిణి. "ఈ నెల నుంచీ దువ్వెన కూడా జారిపోతోంది. అమ్మ నన్ను తిడుతోంది కూడా."

అమ్మ గభాల్న మనవరాలి దగ్గరికి వెళ్ళి ఆ పిల్ల చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది. "నీరు చేరిందే తల్లీ. కాన్పయ్యాక తగ్గుతుందట, అయినా డాక్టరమ్మకు చూపించుకో. తిడితే పడకు. వింటున్నావా? పడకు."

ఆ గొంతు ఎవరూ ఎప్పుడూ విన్నది కాదు. అందరూ చేతులు దించారు. అమ్మ మేనత్త వైపు తిరిగింది.

"వదినా, ఆ కూజా."

"ఏ కూజా?" అంది మేనత్త. ఏ కూజానో ఆవిడకు బాగా తెలుసు.

"నాకు ఏడో నెలలో జారిన కూజా. డాక్టరమ్మను అడిగాను. నాడి వల్లే అయ్యుండొచ్చంది."

"ఇప్పుడా సంగతులెందుకే?"

"ఇప్పుడే కావాలి. మళ్ళీ మీరంతా ఒక్కచోట కూర్చోవాలంటే మాలో ఎవరో ఒకరు నిజంగా పోవాలి." అమ్మ చెయ్యి చాపి బొటనవేలి కింద గుంట చూపించింది. "నేను నిర్లక్ష్యపు మనిషిని కాదు వదినా. ఎంత గట్టిగా పట్టుకునేదాన్నో నాకు తెలుసు. గట్టిగా పట్టుకున్నాననే అనుకునేదాన్ని, చూస్తే కింద ఉండేది. నా మీద నాకే అసహ్యం వేసేది. వీణ్ణి కన్నాను, వీణ్ణి ఒక్కరోజు నిలబడి ఎత్తుకోలేదు. ఎత్తుకోనివ్వలేదు మీరు. తప్పు మీదని కూడా అనను. నాక్కూడా భయమే, జారిపోతాడేమోనని."

యాభైకి దగ్గరపడుతున్న అన్నయ్య చిన్నపిల్లాడిలా ముక్కు ఎగబీల్చాడు. మేనత్త కొంగు సర్దుకుంది, అటు చూసింది, ఇటు చూసింది.

అమ్మ కూతురి ముందుకు వచ్చి నిలబడింది. "అద్దాల బీరువా తాళంచెవి ఇవ్వు."

ఆ బీరువాలో గాజు కప్పులున్నాయి. ఎవరైనా పెద్దవాళ్ళొస్తే తీసేవి, పల్చటివి, అంచున నీలం గీత ఉన్నవి. అమ్మను వాటి దరిదాపులకు రానిచ్చినవాళ్ళు లేరు. "అమ్మా వద్దే, స్టీలు గ్లాసులో ఇద్దువు గానీ," అన్నాడు అన్నయ్య అలవాటుగా. రాతక్కయ్య తాళంచెవి తీసింది. తన వేళ్ళు తిమ్మిరెక్కి ఉన్నాయి, దాని పళ్ళు కూడా సరిగ్గా తెలియడం లేదు. అయినా సరే తనే తీసి, బల్ల మీద పెట్టకుండా, అమ్మ అరచేతిలో పెట్టి ఆ చెయ్యి మూసింది.

అమ్మ వంటింట్లో టీ పెట్టింది. ఒక కప్పులో పోసి, వేళ్ళను నమ్మకుండా, సాసరును రెండు అరచేతుల మధ్య ఇరికించి పట్టుకుని బయల్దేరింది. వంటింటి గడప దాటింది. మనవరాలి కాళ్ళు దాటింది. ప్లంబరు ఫ్యాను ఆపేశాడు, గాలికి పడుతుందేమోనని. ఓనరు కేకు పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే గోడకు అతుక్కుపోయాడు. రాతక్కయ్య ఊపిరి బిగబట్టింది. క్ష రాసేటప్పుడు కూడా ఆవిడ అంతసేపు బిగబట్టి ఎరగదు.

కప్పు కదలలేదు. అమ్మ మేనత్త ముందు ఆగి, వంగి, అందించింది. మేనత్త అందుకుంది. అందుకుందే గానీ ఆవిడ కళ్ళు కప్పు మీద లేవు. అమ్మ చేతుల మీదే ఉన్నాయి, ఆ గుంటల మీద.

భళ్ళుమంది.

"అమ్మా!" అన్నాడు అన్నయ్య. ఇన్నేళ్ళ అలవాటు, చూడకముందే నోటికి వచ్చేసింది. తర్వాత చూశాడు. అమ్మ చేతులు ఖాళీగా, ఎప్పుడో వెనక్కి వచ్చేసి ఉన్నాయి. జారింది మేనత్త చేతిలోంచి. టీ ఆవిడ కాళ్ళ దగ్గర పారుతోంది, నీలం గీత మూడు ముక్కలై పడి ఉంది. ఎవరో ఏదో అంటారని ఎదురుచూస్తున్నట్టు మేనత్త తల దించుకుంది.

అమ్మ వంగి ఆవిడ పాదాలు చూసింది. "కాలలేదు కదా?" అంది. "పోనీలే వదినా. నాడి అయ్యుంటుంది."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! తనతో ఒక్కసారైనా ఎవరైనా అంటారేమోనని ఇన్నేళ్ళూ ఎదురుచూసిన మాట, ఒకసారి కూడా వినని మాట. రాతక్కయ్యకు ఇక ఏడుపు ఆగలేదు. చీపురు కోసం లేవబోయి మళ్ళీ కూర్చుండిపోయింది.

మేనత్త తలెత్తలేదు. కాసేపటికి చెయ్యి మాత్రం చాపింది.

"ఇంకోటి పోసివ్వు," అంది. "గాజుదే ఇవ్వు."